ఎనిమిదో ప్యాకెట్‌లో సామగింజ

భీమిలి తీరానికి నాలుగు కిలోమీటర్ల అవతల, ఇరవై రెండు మీటర్ల నీటి కింద, సముద్రపు అడుగున సామలు పండవు.

ఆ సంగతి హేమలతకు తెలుసు. అయినా మైక్రోస్కోపులో ఆమెకు కనిపిస్తున్నది సామగింజే.

కటకం కింద అది గింజలా లేదు, బండరాయిలా ఉంది. చుట్టూ ఇసుక రేణువులు, వాటి మధ్య మెరిసే చిన్న చిన్న పెంకులు, నట్టనడుమ ఈ బండ. తడిపిన కుంచె కొనతో కదిపి చూసింది. దొర్లింది. తల పైకెత్తి, మెడ పట్టేస్తే ఒక్క క్షణం ఆగి, ఉత్త కళ్ళతో నల్లటి పళ్ళెంలోకి చూసింది. సందేహం లేదు.

మొదట తనదే తప్పనుకుంది. పొద్దున తాగిన అంబలి చేతికి అంటుకుని ఉంటుంది. మళ్ళీ కటకానికి కన్ను ఆనించింది. అంబలిలోకి వెళ్ళే సామకు పొట్టు ఉండదు. దీనికి పొట్టు ఉంది. ఇది వండుకునే గింజ కాదు, విత్తే గింజ.

ఆ ఇంట్లో విత్తే గింజలు అటక మీద, మూతికి మట్టి మెత్తిన ఆనపబుర్రల్లో ఉంటాయి. వేసవి మొత్తంలో అవి కిందికి దిగేది ఒక్కసారే. విత్తనాలను పూజించే ఇటుకల పండుగ నాడు.

పండుగ వెళ్ళి నాలుగు రోజులైంది.

హేమలత కుంచె పక్కన పెట్టింది. ప్యాకెట్ మీద తన చేతిరాత చూసింది. స్టేషన్ ఎనిమిది. ఇరవై రెండు మీటర్లు. చెమటలేమీ పట్టలేదు, గుండె దడదడలాడలేదు. అలాంటివాటికి కూడా కొంత ఓపిక ఉండాలి. ఏడు రోజులుగా రోజుకు తొమ్మిది గంటలు వంగి కూర్చున్న మనిషికి ఆ ఓపిక మిగల్లేదు. ఒక్క ఆలోచన మాత్రం వచ్చింది. నిన్న సాయంత్రం ఫోన్ చేయకుండా ఉండాల్సింది.

*

హేమలత కొర్రావారి పిల్ల. అనంతగిరి కొండల్లో నలభై గడపల మెట్టగుడ ఆమె ఊరు. విశాఖలో ఎం.ఎస్సీ. మెరైన్ సైన్స్, ఆఖరి సెమిస్టరు.

ఈ కొండల్లో పుట్టే గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలిశాక దాని జాడ ఎంత దూరం ఉంటుంది? అదే ఆమె డిసర్టేషన్. నీళ్ళను చూస్తే ఆ సంగతి తేలదు. అడుగున బతికే జీవుల్ని చూస్తే తేలుతుంది. వాటిని ఫొరామినిఫెరా అంటారు. ఒళ్ళంతా ఒక్కటే కణం, దానికో సున్నపు పెంకు. అంతా కలిపి ఆవగింజలో నాలుగో వంతు ఉండదు. వాటిలో అమోనియా అని ఒక జాతి ఉంది. ముక్కు మండించే గ్యాసుకీ దీనికీ సంబంధం లేదు. చిన్న నత్తలా చుట్ట తిరిగి ఉంటుంది. ఉప్పు తగ్గిన నీళ్ళంటే దానికి ఇష్టం. నది నోటి దగ్గర గుంపులుగా దొరుకుతుంది. లోతుకు వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. పదిహేను మీటర్లు దాటాక కనపడదు. కనపడకూడదు.

నవంబరులో భీమిలి బోటు మీద వెళ్ళి, రెండుసార్లు వాంతి చేసుకుని, నది నోటి నుంచి ముప్పై మీటర్ల లోతు వరకు పన్నెండు చోట్ల అడుగు మట్టి తెచ్చింది. ల్యాబ్‌లో సన్న జల్లెడ మీద కడిగింది. ఆరబెట్టింది. ఒక్కో చోటి నుంచి పావుకిలో ఇసుక మిగిలింది. పన్నెండు ప్యాకెట్లు. ఏడాది చదువంతా అందులో ఉంది. ల్యాబ్‌లో వెనక ఇంకేమీ మిగలలేదు.

ఒక్కో ప్యాకెట్ నుంచి మూడు వందల పెంకులు కుంచెతో ఏరాలి. జాతులు విడదీయాలి. ఒక్క ప్యాకెట్‌కు ఒక పగలు పడుతుంది. హాస్టల్లో నీళ్ళు రెండు పూటలూ రావడం మానేసి, సగంమంది ఊళ్ళకు వెళ్ళిపోయాక ఆమె కూడా బయల్దేరింది. గైడు జగన్నాథరావు సారు పాత మైక్రోస్కోపు ఒకటి ఇచ్చాడు. దానికి కరెంటు అక్కర్లేదు, పగటి వెలుగు చాలు. దుప్పట్లో చుట్టి, బస్సులో ఘాట్ మలుపులన్నిటా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

పండుగకు ముందు నాలుగు రోజుల్లో నాలుగు ప్యాకెట్లు పూర్తిచేసింది. పండుగ నాడు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. తర్వాత మూడు రోజుల్లో మూడు.

ఆ మూడే వింతగా ఉన్నాయి. నాలుగో ప్యాకెట్‌కే పలచబడుతూ వచ్చిన అమోనియా ఐదులో మళ్ళీ పెరిగింది. ఆరులో పెద్దగా తగ్గలేదు. ఏడో చోట, పద్దెనిమిది మీటర్ల లోతున, సున్నా ఉండాల్సిన చోట, మూడు వందల్లో నలభై ఒకటి.

నది అంత లోపలికి వెళ్తోందా? ఎవరికీ తెలియని సంగతి తన పళ్ళెంలో ఉందా?

నిన్న సాయంత్రం సిగ్నల్ దొరికే కాఫీ తోట మలుపు దాకా ఎక్కి సారుకు ఫోన్ చేసింది. జగన్నాథరావుకు రిటైర్మెంటు ఇంకో పద్నాలుగు నెలలు. ఆయన గొంతులో రెండేళ్ళలో ఎన్నడూ వినని హుషారు వినిపించింది. అంకెలు మళ్ళీ చదవమన్నాడు. ఇది ఎవరి పేపర్లోనూ లేదన్నాడు. ముప్పయ్యో తేదీలోగా డిసర్టేషన్ ఇచ్చేస్తే, మే ఆరున గోవాలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు ఆమె పేరు తానే గట్టిగా చెప్తానన్నాడు. రెండు సీట్లకు దేశం మొత్తం పోటీ. ఈ ఒక్క గ్రాఫ్ చాలన్నాడు. ఆ రాత్రే గోవాకు మెయిల్ పెట్టేస్తున్నానని కూడా అన్నాడు.

ఇప్పుడు పళ్ళెంలో సామగింజ.

*

నాయన గాసి పండుగ వేటకు వెళ్ళినవాళ్ళతో ఇంకా కొండ మీదే ఉన్నాడు. అమ్మ ఉపాధి పనికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది అవ్వ ఒక్కతే. నాయన తల్లి సోములమ్మ పంచలో కాళ్ళు చాపుకుని అడ్డాకు విస్తళ్ళు కుడుతోంది. ఒక కంటిలో పొర ఉంది. అయినా పుల్ల గుచ్చడంలో తడబడదు.

హేమలత ఆమె పక్కన కూర్చుంది. గొంతు పెంచకూడదని ముందే అనుకుంది. పెంచితే అవ్వ బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే ఏదీ తేలదు.

"అవ్వా, పండగ రోజు నా ఇసుక పెట్టె తీశావా?"

"తియ్యకేటి? దేవుడికాడికి నీదొక్కటే ఒగ్గీమంటావేటి?"

దాచడం లేదు. దాచాల్సిన పని చేశానని ఆమెకు తెలియనే తెలియదు. హేమలత ఒక్కొక్క ప్రశ్నే అడిగింది. అవ్వ విస్తరి వదలకుండానే జవాబులు చెప్పింది.

ఇటుకల పండుగ నాడు ప్రతి గడప నుంచీ విత్తనాలు శంకుదేవుడి రాయి దగ్గరకు వెళ్ళాలి. ఆ ఏడాది ఆ ఇల్లు ఏమేం విత్తబోతుందో అన్నిటిలోంచీ గుప్పెడేసి. పూజారి దిసారి వాటన్నిటినీ కలిపి, కోడిని కోసి, మళ్ళీ గుప్పెళ్ళు లెక్కన పంచుతాడు. ఇంటికి తెచ్చి ఆ కలిపిన గింజల్ని మిగతా విత్తనంలో కలిపేస్తారు. అప్పుడే ఆ విత్తనం విత్తనమవుతుంది. నిరుడు గాసి రాజ్మా పట్టుకెళ్ళడం మర్చిపోయాడు. వానకు చేనంతా కుళ్ళిపోయింది. ఈ ఏడు ఏదీ మర్చిపోకూడదని సోములమ్మ తానే బుర్రలు దించింది. సామలు, చోళ్ళు, వలిసెలు, రాజ్మా.

ఆ తర్వాత మనవరాలి పంట.

పంట అన్నది హేమలతే. ఈ ప్యాకెట్లతో ఇంటికి వచ్చిన రోజు, ఈ ఇసకేటని అవ్వ నాలుగోసారి అడిగితే, విప్పి చెప్పే ఓపిక లేక, ఇదే నా పంట అవ్వా, ఇది పండితేనే నాకు బతుకు అనేసింది. అవ్వ తల ఊపింది. అర్థమైందనుకుని హేమలత సంతోషించింది కూడా.

"పన్నెండిట్లోనూ తీశావా?"

"పన్నెండిట్లోనూ. కొన్ని తీసి కొన్ని మానీస్తే దేవుడు ఊరుకుంతాడేటి?"

"ఎంతెంత?"

సోములమ్మ పుల్ల నోట్లో పెట్టుకుని చెయ్యి చాపి గుప్పిలి బిగించి చూపించింది. ముసలి చెయ్యే గానీ నాగలి పట్టిన చెయ్యి. పావుకిలో ప్యాకెట్‌లో ఆ గుప్పిలి సగం ఖాళీ చేస్తుంది.

పన్నెండు గుప్పెళ్ళూ ఒకే అడ్డాకు దొప్పలో పోసింది. రాయి దగ్గర పూజయ్యాక దాన్నే తిరిగి తెచ్చి, పన్నెండు ప్యాకెట్లలోకీ గుప్పెడేసి సర్దేసింది. ఎక్కువ తక్కువ కాకుండా.

"నన్ను లేపి అడగొచ్చు కదా అవ్వా."

"లేపుదామనే వచ్చినాను. సచ్చిన కోడిలాగ నోరు తెరిసి పడుకున్నావు. లేపబుద్ది కాలేదు."

హేమలతకు తేలనిది ఒక్కటి మిగిలింది. ఐదు, ఆరు, ఏడు ప్యాకెట్లలో ఒక్క గింజ కూడా ఎందుకు కనపడలేదు? అదే అడిగింది.

సోములమ్మ మొహంలో కొంచెం గర్వం కనిపించింది. దిసారి దొప్పలో కొన్ని సామలు చల్లాడట. వాటిని అలాగే వదిలేస్తే పట్నంలో నవ్వుతారని, సర్దేముందు చేటలో పోసి చెరిగింది. గింజంతా ముందుకు వెళ్ళిపోయింది, ఇసుక చేటలో నిలిచింది. "ఒక్క గింజ లేకుండా ఏరీసినాను" అంది.

ఒక్కటి ఉండిపోయింది. ఆ కంటి పొర లేకపోతే అదీ ఉండేది కాదు. అప్పుడు హేమలత ఎప్పటికీ తెలుసుకునేది కాదు. గోవాలో నిలబడి గోస్తనీ నది పద్దెనిమిది మీటర్ల లోతు దాకా వెళ్తుందని ధైర్యంగా చెప్పేది.

*

అయినా ఒక ఆశ. సరిగా కలవకపోయి ఉండొచ్చు. దొప్పలో పొరలు పొరలుగా ఉండిపోయి, కొన్ని ప్యాకెట్లకు తమ ఇసుకే తిరిగి వచ్చి ఉండొచ్చు.

దిసారి మంగ్లు ఇల్లు ఊరి పై చివర. పండుగ రోజులన్నీ పాడి పాడి ఆయన గొంతు పోయింది. గడప మీద కూర్చుని చుట్ట నములుతున్నాడు. హేమలత విషయం చెప్తే నవ్వలేదు. ఇసుకను గింజల కుప్పలో పోయనని తానే అన్నాడట. మొలవని దాన్ని మొలిచే వాటిలో ఎలా పోస్తాం? దానికి సోములమ్మ అందరి ముందూ తిట్టింది. మా గుంట చదువు మీ సామలకంటే తక్కువా అంది. అందుకని విడిగా పెట్టి పూజ చేశాడు.

"బాగా కలిపావా మావా?" అంది హేమలత.

"కలపకుండా ఇస్తే అది పూజెలాగవుతాది? ఒకడి గింజ మొలిసి ఇంకొకడిది సచ్చిపోకూడదనే కదే కలిపీది. నీది సన్నం కదా. శానా సేపు కలిపినాను."

ఆ ఆశ కూడా పోయింది.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తీసింది. మొదటి నాలుగు ప్యాకెట్లు పండుగకు ముందే లెక్కపెట్టినవి. వాటి పెంకులు స్లైడ్ల మీద అతికి ఉన్నాయి. అవి భద్రం. నది నోటి నుంచి ఎనిమిది మీటర్ల లోతు దాకా. మిగతా ఎనిమిదీ పోయినట్టే. కలిసిన ఇసుక ఎంతో తెలిస్తే లెక్క కట్టి విడదీయొచ్చేమోనని అరగంట కుస్తీ పట్టింది. అవ్వ గుప్పిలి తక్కెడ కాదు. వదిలేసింది.

మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కానీ పదిహేనో తారీఖు నుంచి చేపల వేట నిషేధం. జూన్ మధ్య దాకా భీమిలిలో ఒక్క బోటూ కదలదు. ఈ రోజు పందొమ్మిది. డిసర్టేషన్‌కు ఇంకా పదకొండు రోజులు.

ఎండ ఉండగానే మళ్ళీ మలుపు ఎక్కింది. కాఫీ చెట్లు పూతలో ఉన్నాయి. ఆ వాసన మామూలుగా ఇష్టమే, ఇవాళ ఆగి పీల్చలేదు. జగన్నాథరావు ఫోన్ ఎత్తాడు. వెనక బస్సు చప్పుడు. హేమలత తడబడకుండా మొత్తం చెప్పింది. పండుగ, దొప్ప, గుప్పిలి, చేట. నాలుగే పనికొస్తాయి, ఎనిమిది పనికిరావు అంది.



"బస్సులో ఉన్నానమ్మా," అన్నాడు ఆయన. "సరిగ్గా వినపడలేదు. మెయిల్ వెళ్ళిపోయింది. గోవా వాళ్ళు సంతోషించారు. నువ్వు సోమవారం రా. అప్పటికి కూడా చెప్పాల్సింది ఉంటే చెబుదువుగాని."

ఫోన్ పెట్టేశాడు.

హేమలత సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో కూలబడింది. వినపడలేదని ఆయన అనలేదు. సరిగ్గా వినపడలేదన్నాడు. ఆ మాటలో ఒక తలుపు తెరిచి ఉంది. గింజను వేళ్ళ మధ్య నలిపి ఊదేస్తే చాలు. ఈ సంగతి తెలిసినవాళ్ళలో ఒకరికి సముద్రమంటే ఎలా ఉంటుందో తెలియదు, ఇంకొకరికి గొంతు లేదు, మూడో మనిషికి సరిగ్గా వినపడలేదు.

*

ఆదివారం పొద్దున ఆమె మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఎందుకో తనకే తెలియదు. చేయడానికి ఇంకో పని లేక కావచ్చు. ఎనిమిదో ప్యాకెట్ పూర్తిచేసింది. అమోనియా ముప్పై ఎనిమిది. నలభై మూడు, నలభై, నలభై ఒకటి, ముప్పై ఎనిమిది. కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపింది. అందమైన గీత. నది కొండ దిగి సముద్రంలోకి నేరుగా నడిచి వెళ్ళిపోతున్నట్టుంది.

ఆ గీతనే చూస్తూ కూర్చుంది.

ఇది అచ్చులోకి వెళ్తుంది. సారు పేరు, తన పేరు. రెండు మూడేళ్ళకు ఎవరో ఒకరు చదువుతారు. చదివినవాళ్ళు ఊరుకోరు, వాళ్ళ దగ్గర చదివే పిల్లల్లో ఒకరిని భీమిలికి పంపుతారు. ఆ పిల్ల కూడా బోటు మీద వాంతి చేసుకుంటుంది. మట్టి కడుగుతుంది. మూడు వందలు ఏరుతుంది. ఇరవై రెండు మీటర్ల దగ్గర సున్నా వస్తుంది. తనదే తప్పనుకుంటుంది. మళ్ళీ ఏరుతుంది. మళ్ళీ సున్నా. మెడ పట్టేస్తుంది, కళ్ళ నుంచి నీళ్ళు కారతాయి, గైడు తిడతాడు. మూడోసారి పళ్ళెం ముందు కూర్చుంటుంది.

ఆ పిల్ల ఎవరో హేమలతకు తెలియదు. కానీ ఆ మెడనొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ దాకా పాకుతుందో బాగా తెలుసు.

పంచలోకి వచ్చింది. సోములమ్మ నిన్నటి నుంచి ఏమీ అడగలేదు. మనవరాలు దిసారి ఇంటికి వెళ్ళి రావడం, మలుపు ఎక్కి రావడం, అన్నం సగంలో వదిలేయడం అన్నీ చూస్తూనే ఉంది.

"పాడుసేసీసినానేటే?" అంది.

లేదని చెప్పడం తేలిక. హేమలత నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి తేలిక మాట చెప్పినందుకే ఇంతదాకా వచ్చింది.

"కలిపేశావవ్వా. ఏ ఇసుక ఎక్కడిదో విడివిడిగా ఉండాలి. అదే నా చదువు."

సోములమ్మ ఆలోచించింది. "మరి పంటన్నావు."

"అన్నాను."

"పంటంటే కలపాల."

"అవును. నేనే తప్పుగా చెప్పాను."

ముసలామె విస్తరి పక్కన పెట్టింది. ఆ రెండు రోజుల్లో మాటల మధ్య ఆమె దాన్ని వదలడం అదే మొదటిసారి. రేపు బస్సుకు తానూ వస్తానంది. సారు దగ్గరకు వచ్చి, తప్పు గుంటది కాదు, నాదే అని చెప్తానంది. బస్సెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. శృంగవరపుకోట దాటి ఎన్నడూ వెళ్ళలేదు. హేమలత వద్దంది. వద్దంటే వినదని, అక్కడ ఆడాళ్ళని లోపలికి రానివ్వరని అబద్ధం చెప్పింది. "మరి నువ్వు?" అని అవ్వ అడిగితే ఇద్దరూ కొంచెం నవ్వారు.

*

సోమవారం పదకొండున్నరకు హేమలత డిపార్టుమెంటులో ఉంది. జగన్నాథరావు గదిలో ఫ్యాన్ తిరుగుతోంది, గాలి రావడం లేదు. బల్ల మీద తొమ్మిదిమంది స్టూడెంట్ల చాప్టర్లు ఒకదాని మీద ఒకటి. ఆయన కూర్చోమన్నాడు. ఆమె మైక్రోస్కోపు బల్ల మీద పెట్టి, దుప్పటి విప్పి, కూర్చుంది.

శనివారం చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. ఈసారి బస్సు చప్పుడు లేదు.

"ఆ రోజు ఫోన్‌లో మీకు వినపడలేదా సర్?"

"వినపడింది." ఆయన కళ్ళద్దాలు తీసి ముక్కు మీద గుంటలు రుద్దుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా వింటున్నానమ్మా ఇలాంటి ఫోన్లు. సోమవారం వచ్చేసరికి చాలామందికి చెప్పడానికి ఏమీ ఉండదు. నేనూ అడగను."

"నాకు పరీక్ష పెట్టారా?"

"లేదు. అడిగే ఓపిక లేదు, అంతే."

ఆయన మాటలో సిగ్గు లేదు, గర్వమూ లేదు. కంప్యూటర్ తనవైపు తిప్పుకుని గోవా మెయిల్ తెరిచాడు. రెండు వేళ్ళతో టైపు చేశాడు. ఐదు నుంచి ఏడు దాకా చెప్పిన అంకెలు తప్పని, శాంపిల్స్ కలిసిపోయాయని, దయచేసి పట్టించుకోవద్దని. కారణం దగ్గర ఆగాడు. భద్రపరచడంలో పొరపాటు అని రాసేద్దామా అన్నాడు. అందరూ అలాగే రాస్తారు, ఎవరూ ఎదురు అడగరు.

"భద్రపరచడంలో కాదు సర్. పూజలో. ఎంత తీశారో, ఎలా కలిపారో, ఏ రోజో కూడా రాయాలి. డిసర్టేషన్‌లో కూడా. ఆ ప్యాకెట్లు ల్యాబ్‌లోనే ఉంటాయి కదా. రేపు ఇంకెవరైనా తీస్తే?"

జగన్నాథరావు ఆమె వైపు చూశాడు.  పూజ అనే మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలో కాసేపు ఆలోచించి, పూజ అనే రాసి, తారీఖు వేసి, పంపించాడు. ఇంటర్వ్యూకు పిలుస్తారా అని ఆమె అడిగింది. పిలవకపోవచ్చన్నాడు. పిలిస్తే వెళ్ళమన్నాడు. నాలుగు స్టేషన్లతో గోవా దాకా ఎందుకొచ్చావని అడుగుతారు, చెప్పమన్నాడు. జూన్‌లో వేట నిషేధం తీసేశాక బోటు నడిపే సింహాచలంతో మాట్లాడతానని, కానీ అప్పటికి ఈ ఏడాది సీట్లు అయిపోతాయని కూడా చెప్పాడు. దాచలేదు.

తర్వాత ఆమె డిసర్టేషన్ మొదటి పేజీ తీసుకుని, పేరులో 'ముప్పై మీటర్ల లోతు వరకు' ఉన్న చోట 'ముప్పై' కొట్టేసి పైన 'ఎనిమిది' రాశాడు. కాగితం ఆమెకు తిరిగి ఇచ్చి, మెస్ మూసేస్తారు ముందు తినిరమ్మన్నాడు.

హేమలత తినలేదు. ల్యాబ్‌కు వెళ్ళింది. పన్నెండు ప్యాకెట్ల మీదా ఎర్ర స్కెచ్ పెన్నుతో 'కలిసినవి, లెక్కపెట్టవద్దు' అని రాసి, బీరువా కింది అరలో పెట్టి తాళం వేసింది. పన్నెండు వరసలకు గీసిపెట్టుకున్న టేబుల్లో ఎనిమిది వరసలు తీసేసింది. మిగిలిన నాలుగు వరసలూ టైపు చేయడానికి పది నిమిషాలు పట్టింది.